ఫొటో కింద పేరు

సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పాత జీవితం చెప్పాలి, తర్వాత ప్రభువును తెలుసుకున్న రోజు, ఆపైన వచ్చిన మార్పు. కాలేజీ పిల్లలకైతే పది నిమిషాల్లో ముగించాలి. డిగ్రీ పరీక్షలు రాసేసి, విద్యార్థుల మధ్య తిరిగే ఒక సువార్త దళంలో చేరినప్పుడు నాకు మొట్టమొదట నేర్పింది ఇదే. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. దానివల్ల మాట తిన్నగా సాగుతుంది. కాకపోతే నాకు చెప్పుకోవడానికి పాత జీవితమంటూ లేదు. ఏలూరు పవరుపేటలో ఇల్లు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. తాత కూడా మిషన్ బడి పంతులే. ఆదివారం చర్చికి వెళ్లని వారం నాకు గుర్తులేదు. చెడు తిరుగుళ్లు లేవు, మానుకున్న అలవాట్లు లేవు. మా దళంలో ఒకన్న తాగుడు మానేసిన సంగతి చెబితే హాలంతా నిశ్శబ్దమైపోయేది. నేను లేచి మాట్లాడితే వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యేవి.

నాన్న నన్ను బి.ఎడ్. ఎంట్రన్స్ రాయమన్నారు. నేను ఒక ఏడాది దళంతో తిరుగుతానన్నాను. ఇంట్లో కొన్నాళ్లు మాటల్లేవు. తర్వాత అమ్మ బ్యాగు సర్దింది. నాన్న స్కూటర్ మీద బస్టాండులో దింపి, ఖర్చులకు డబ్బులిచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్లారు. జరిగింది ఇంతే. తాడేపల్లిగూడెంలో ఒక సాయంత్రం మైకు ముందు నిలబడి, "ప్రభువు కోసం బయల్దేరిన రోజు మా ఇంటి తలుపు నా వెనక మూసుకుపోయింది" అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. ముందు వరుసలో ఒకమ్మాయి చున్నీతో కళ్లు తుడుచుకుంది. హాలు నిశ్శబ్దమైంది. మరుసటి మీటింగులో అదే మాట అనుకునే అన్నాను. ఆ తర్వాత దానికి ఇంకొన్ని వివరాలు చేరాయి. నాన్న నా పుస్తకాలు వీధిలో పడేశారన్నాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ ఏడ్చిందన్నాను. ఆ మాటలు నమ్మిన ఒక కుర్రాడి గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

మా దళం ఎలా పనిచేసేదో కొంచెం చెప్పాలి. ఒక పాత సుమోలో కీబోర్డు, డోలక్, రెండు స్పీకర్ బాక్సులు, కరపత్రాల కట్టలు, జేబులో పట్టే కొత్త నిబంధనలు వేసుకుని తిరిగేవాళ్లం. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, అక్కణ్నించి దక్షిణానికి తిరిగి ఆకివీడు, కైకలూరు. కాలేజీల లోపలికి వెళ్లేవాళ్లం కాదు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న విద్యాసంస్థలో విద్యార్థికి ఇష్టం లేకుండా మతబోధ వినిపించకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మైనరైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఈ సంగతి మా నాయకుడికి బాగా తెలుసు, దాన్ని గట్టిగా పాటించేవాడు. గేటు బయట కరపత్రాలు ఇచ్చి, సాయంత్రం చర్చి హాల్లోనో ఎవరో విశ్వాసి మేడమీదో మీటింగు పెట్టేవాళ్లం. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, చివర్న కళ్లు మూసుకుని చేతులెత్తమనడం. చేతులెత్తినవాళ్లకు కార్డులిచ్చి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించేవాళ్లం.

ఆ పనిలో మంచి లేదని నేను అనను, అననివ్వను కూడా. సప్లిమెంటరీలు మిగిలిపోయి ఇంటికి ఫోన్ చేయడానికి భయపడే ఇంజనీరింగ్ కుర్రాళ్లు, ఊరు మొదటిసారి వదిలి హాస్టల్లో నిద్రపట్టక అవస్థపడే అమ్మాయిలు మా దగ్గరికి వచ్చి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు. అంతకుముందు వాళ్ల మాట వినిపించుకున్నవాళ్లు ఎవరూ లేరు. నేను అప్పుడు నమ్మిన దేవుణ్నే ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆయన పేరు మీద నేను చేసిన పని గురించే ఈ రాయడం.

విద్యార్థుల మధ్య తిరిగి విశ్వాసం గురించి మాట్లాడటం మనదేశంలో కొత్త కాదు. అమెరికాలో 1886లో పుట్టిన విద్యార్థి స్వచ్ఛంద ఉద్యమం మనిషి జాన్ మాట్ 1895-96లో మనదేశమంతా తిరిగి కాలేజీ కుర్రాళ్లతో మాట్లాడాడు. స్వతంత్రం వచ్చాక 1954లో యు.ఇ.ఎస్.ఐ. అనే విద్యార్థి సువార్త సంస్థ మొదలై ఊరూరా విద్యార్థి బృందాలు ఏర్పడ్డాయి. మా దళం ఆ సంస్థది కాదుగానీ మేమంతా ఆ గాలిలో పెరిగినవాళ్లమే. ఇవన్నీ నాకు బాగా తెలుసు. చరిత్ర చదివే అలవాటు ఉండటంతో స్టేజీ మీద చెప్పడానికి నాకు ఒక కథ దొరికింది. అది రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ కథ.

నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి, 1843లో బడి పెట్టాడు. దాన్నే తర్వాత నోబుల్ కాలేజీ అన్నారు. 1852లో ఆయన విద్యార్థులు మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకున్నారు. ఊరంతా గగ్గోలైంది, బడి దాదాపు ఖాళీ అయింది. పన్నెండేళ్ల తర్వాత, 1864లో, ఆ ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు. ఈ కథ నేను చాలా ఆవేశంగా చెప్పేవాణ్ని. ఇల్లూ కులమూ పోతుందని తెలిసి కూడా ఆ ఇద్దరూ వెనుకాడలేదు, మీకేం తక్కువ అని అడిగేవాణ్ని. హాలులో కూర్చున్నవాళ్లు ఎవరెవరో, ఎవరికి ఏం పోతుందో తెలుసుకోకుండానే అడిగేవాణ్ని.

ఆ కుర్రాడు తాడేపల్లిగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండేవాడు. వాళ్లది కొల్లేరు అంచున ఒక పల్లె. మేనమామ తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో పనిచేస్తుండటంతో అంతదూరం వచ్చి చేరాడు. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉండేవాడు. నా సాక్ష్యం అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మీ నాన్నగారు ఇప్పటికీ మాట్లాడరా?"

"లేదు తమ్ముడూ."

"మరెలా ఉంటున్నావన్నా?"

"ప్రభువు చూసుకుంటున్నాడు" అన్నాను.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి నాన్నతో మాట్లాడాను. మందులు వేసుకుంటున్నారా అని అడిగాను. ఆయన నా దగ్గు తగ్గిందా అని అడిగారు. ఆ కుర్రాడితో అన్న మాటకూ ఆ ఫోన్‌కూ మధ్య ఒక గంట కూడా లేదు. అయినా నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు తల్చుకుంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది అదే.

ఆ కుర్రాడు మమ్మల్ని వాళ్ల ఊరికి పిలిచాడు. అంతకు ముందు ఏడాదే, 2006లో, కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. అక్కడివాళ్లు దాన్ని ఐదో కాంటూరు అంటారు. 2002లో సరస్సుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కోర్టు ఆదేశాల తర్వాత పొక్లెయిన్లు దిగాయి, కొన్నిచోట్ల గట్లను పేల్చేశారు కూడా. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలంటే సరస్సు సరస్సుగా ఉండాలి. అది నేను కాదనను. కానీ 1970ల్లో మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వుకోనిచ్చింది కూడా ప్రభుత్వమే. పెద్ద పెద్ద ఆసాముల చెరువులతోపాటు ఆ సంఘాల చెరువులూ పోయాయి. ఈ కుర్రాడి తండ్రికి అలాంటి ఒక సంఘంలో వాటా ఉండేది. అది పోయాక ఆయన కూలికి వెళ్తున్నాడు. కొడుకు స్కాలర్‌షిప్, హాస్టల్ భోజనం ఆ ఇంటికి ఎంత ముఖ్యమో ఆ ఒక్క సంగతిలోనే తెలుస్తుంది. నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఊరి చివర, తెగిపోయిన గట్టు పక్కన, మైకు పెట్టి మాట్లాడాను. ఇసుక మీద ఇల్లు కట్టుకున్న బుద్ధిహీనుడి ఉపమానం తీసుకున్నాను. ఆ గట్టు వైపు చెయ్యి చూపించి, లోకంలో కట్టుకున్నవన్నీ ఇలాగే పోతాయన్నాను. వెనక తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్న కుర్రాడి తండ్రి మధ్యలో లేచి వెళ్లిపోయాడు. హృదయం ఇంకా కఠినంగా ఉంది, ప్రార్థన చేయాలి అని దళంలో ఒకరితో అన్నాను. తిరిగొస్తుంటే పెదయడ్లగాడి వంతెన దగ్గర ఆ కుర్రాడు, "చెరువు సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండేదన్నా" అన్నాడు. దానికి నేను ఏదో వాక్యం చెప్పాను.

ఆ పల్లెలో చాలా ఇళ్లలో ఆదివారం ప్రార్థన ఉంటుంది. కాగితం మీద వాళ్లు హిందువులు. దీని వెనక ఉన్నది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివారిని షెడ్యూల్డు కులంగా గుర్తించబోమని అది చెప్పింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో బీసీ జాబితా వేసినప్పుడు, క్రైస్తవంలోకి వెళ్లిన షెడ్యూల్డు కులాలవారినీ వాళ్ల పిల్లలనూ సి గ్రూపులో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పదిహేను శాతం ఉన్న చోటు నుంచి ఒక్క శాతం ఉన్న చోటుకు రావాలన్నమాట. కులం మారదు. పల్లె ఊరి చివరే ఉంటుంది, కూలి అదే, పిలిచే పిలుపూ అదే. ఇవేవీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా ఇంటిల్లిపాదీ బీసీ-సి. నా పదో తరగతి సర్టిఫికెట్ల ఫైల్లోనే ఆ కాగితం ఉంది. అంటే ఆ కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో ఈ లోకంలో అందరికన్నా బాగా తెలియాల్సినవాణ్ని నేను.

ఏలూరు కాలువలో అతనికి బాప్తిస్మం జరిగింది. తాడేపల్లిగూడెం దాటాక కాలువ గట్టు మీద తాటిచెట్లు ఉన్నచోట, పొద్దున్నే. వాళ్లమ్మ వచ్చింది. ఫొటో తీశాను. అమ్మకు చూపించడానికి ఒకటి కావాలని అతనే అడిగాడు. నెలనెలా వచ్చే మా ప్రార్థన పత్రికకు రాసేవాణ్ని నేనే. ఆ ఫొటో పత్రికలో వేస్తానన్నాను.

"పత్రికలో వద్దన్నా. వేసినా పేరు వద్దు."

"భయమా?"

"నాన్న వద్దంటాడన్నా. కాగితాల గొడవ ఉంది."

అప్పుడు నేను బ్యాగులోంచి బైబిలు తీసి మత్తయి సువార్త పదో అధ్యాయం తెరిచాను. మనుషుల ముందు ప్రభువును ఒప్పుకోవడం గురించి ఉన్న చోట వేలు పెట్టి అతనికి ఇచ్చాను. చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. నేను మళ్లీ నా ఇంటి తలుపు సంగతి ఎత్తాను. "నేను భయపడి ఉంటే ఇక్కడ ఉండేవాణ్నా తమ్ముడూ?" అన్నాను.

"నీ ఇష్టం అన్నా" అన్నాడు.

దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. ఫొటో కింద అతని పూర్తి పేరు, ఊరు, మండలం, కాలేజీ అన్నీ రాశాను. వివరాలుంటే చందాలు పంపేవాళ్లకు నమ్మకం కలుగుతుందని అప్పటికే నాకు తెలుసు. అతని ధైర్యం చూపించడానికే రాశానని నాకు నేను చెప్పుకున్నాను. రెండూ నిజమే అయ్యుండొచ్చు. మొదటిది లేకపోతే ఊరి పేరు రాసేవాణ్ని కాదు.

చెరువు సంఘంలో ఆ తండ్రితో పాత తగాదా ఉన్న మనిషొకడు ఆ పత్రికను పిటిషన్‌కు జతచేసి ఆఫీసులో ఇచ్చాడు. 1993లో వచ్చిన కుల ధ్రువీకరణ పత్రాల చట్టం ప్రకారం తప్పు సర్టిఫికెట్ అని తేలితే అది రద్దవుతుంది. తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి, కేసు కూడా పెట్టొచ్చు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆర్.ఐ. విచారణకు వచ్చాడు. పల్లెలో ప్రార్థన జరిగే ఇల్లు ఆ వారం తెరవలేదు. ఒక్క పిటిషన్‌తో అందరి కాగితాలూ బయటికి లాగుతారేమోనని ప్రతి ఇంట్లో భయం పట్టుకుంది. ఇరుగుపొరుగు తలా ఒక వాంగ్మూలం ఇచ్చారు. చివర్న అతన్ని అడిగారు. "పండగపూట స్నేహితులతో కాలువలో స్నానానికి దిగాను. ఆ ఫొటో నన్నడగకుండా వేశారు. నేను మతం మారలేదు" అని రాసి సంతకం పెట్టాడు.

మనుషుల ముందు ఒప్పుకోమని నేను వెంటపడ్డాను. నా వల్లనే అతను మనుషుల ముందు కాదనాల్సి వచ్చింది.

సర్టిఫికెట్ రద్దు కాలేదు. కానీ విచారణ నెలలకొద్దీ నడిచింది. ఆ నెలల్లో స్కాలర్‌షిప్ రాలేదు, హాస్టల్లో మాటలు పడ్డాయి. తండ్రి అప్పు తెచ్చే స్థితిలో లేడు. మూడో ఏడు ఫీజు కట్టకముందే అతను చదువు మానేశాడు.

కబురు మా దళానికి చేరింది. సాయంకాల ప్రార్థనలో ఒకరు, పాపం వెనక్కి తిరిగాడన్నారు. ఇంకొకరు కోడి కూయకముందు పేతురు కూడా అలాగే అన్నాడన్నారు. ఆ వాంగ్మూలం అతను ఎందుకివ్వాల్సి వచ్చిందో ఆ గదిలో పూర్తిగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పత్రికలో పేరు వద్దన్నాడని నేను ఎవరికీ చెప్పలేదు. అందరితోపాటు మోకాళ్లూని, వెనక్కి తిరిగిన తమ్ముడి కోసం ప్రార్థన చేశాను. అంతటితో ఆగలేదు. పేరు లేకుండా, విశ్వాసం కోసం చదువు పోగొట్టుకున్న ఒక యువకుడి కోసం ప్రార్థించండి అని తర్వాతి పత్రికకు ఒక పేరా రాసుకున్నాను. ఆ కాగితం సంచిలో పెట్టుకుని సెలవుకు ఇంటికి వెళ్లాను.

నాన్న ఆ కాగితం చూశారు. విషయమంతా అడిగారు. నేను చెప్పాను, పేరు వద్దన్న సంగతితో సహా. ఆయన చాలాసేపు ఆ కాగితాన్నే పట్టుకుని కూర్చున్నారు.

"ఇంటి తలుపు మూసింది నేనేనటగా" అన్నారు.

తాడేపల్లిగూడెంలో మా బంధువుల అమ్మాయి ఆ మీటింగుకు వచ్చిందట. ఆయనకు నెలల క్రితమే తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ దగ్గు గురించే అడిగారు.

ఆ రాత్రి ఆయన మా తాత గురించి చెప్పారు. 1950 ఉత్తర్వు వచ్చాక తాత క్రైస్తవుడిగానే రాయించుకున్నారు. మిషన్ బడిలో ఉద్యోగం ఉంది కాబట్టి రాయించుకోగలిగారు. ఆయన తమ్ముడికి అలాంటి ఆధారం లేదు. ఆయన హిందూ అని రాయించుకుని పిల్లల్ని చదివించుకున్నారు. "మా నాన్న ఆయన్ని ఒక్కనాడూ ఒక్కమాట అనలేదురా. పండక్కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నాకు జీతం వస్తోంది, వాడికి రావట్లేదు, అనడానికి నేనెవర్ని అనేవాడు." ఇంతే చెప్పి నాన్న లేచి పడుకోవడానికి వెళ్లిపోయారు. నేను ఆ పేరా చింపేశాను. దళం నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం రాశాను. అందులో పేరు వద్దన్న సంగతి రాశాను. సాక్ష్యం సంగతి రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు. ఇంకో ఉత్తరం పట్టింది.

ఆ తర్వాత నోబుల్ గురించి మళ్లీ చదివాను. స్టేజీ మీద నేను ఆ కథను బాప్తిస్మం దగ్గరే ఆపేసేవాణ్ని. అసలు చెప్పాల్సింది ఆ తర్వాతది. ఇల్లు పోగొట్టుకున్న కుర్రాళ్లను ఆయన తన ఇంట్లో పెట్టుకున్నాడు. బడి ఖాళీ అయితే మళ్లీ మొదటినుంచి పెంచాడు. మచిలీపట్నంలో కాలుపెట్టాక ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లలేదు. 1865లో ఆ ఊళ్లోనే చనిపోయాడు. ఆ కుర్రాళ్లకు వచ్చిన ప్రతి కష్టం రోజూ ఆయన కళ్ల ముందే ఉండేది. అజరయ్య గారి సంగతీ అలాంటిదే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య మొదట వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులతో మాట్లాడిన మనిషి. 1909లో తిరుగుడు ఆపి డోర్నకల్ వచ్చాడు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో బిషప్పయ్యాడు, 1945లో పోయేదాకా అక్కడి పల్లెల మధ్యే ఉన్నాడు. మా సుమో మీటింగు అయిన గంటకు బయల్దేరేది. కార్డులు రాసినవాళ్లకు మర్నాడు పొద్దున ఏమైందో మాలో ఎవరికీ తెలిసేది కాదు. మేం తిరిగినన్నాళ్లూ ఎవరి ఇంటి గొడవా మా దాకా రాలేదు. దాన్నే దేవుని కాపుదల అని కృతజ్ఞత చెప్పేవాళ్లం.

బి.ఎడ్. అయ్యాక ఆ పల్లెకు వెళ్లాను. అప్పటికే ఆలస్యం చేశాను, మొహం చెల్లక. వాళ్లమ్మ గడపలో కూర్చుని చేపలు ఆరబెడుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"వాడు లేడు బాబూ, కైకలూరు ప్యాకింగ్‌కి పోయాడు." మంచినీళ్లు ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి, "మళ్లా ఫొటోలవీ తియ్యరు కదండీ?" అంది.

కైకలూరు దగ్గర రోడ్డుపక్క షెడ్డులో దొరికాడు. శీలావతి, బొచ్చె ట్రేలలోకి ఎత్తి, మధ్యమధ్య ఐసు కొట్టి వేసి, కలకత్తా లారీకి ఎక్కిస్తున్నారు. చేతులు ఐసుకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పని ఆగేదాకా నిలబడ్డాను. బయటికొచ్చి టీ చెప్పాడు. పత్రిక గురించి క్షమించమని అడిగాను. "పోన్లే అన్నా, అయిపోయింది" అన్నాడు. నిజంగానే అతనికి ఆ కోపం పోయినట్టు అనిపించింది. అప్పుడు మా నాన్న సంగతి చెప్పాను. తలుపు మూసుకోలేదని, ఆయనే బస్టాండులో దింపారని, పుస్తకాలెవరూ పడేయలేదని, ఆ మొదటి రాత్రి నేను ఇంటికి ఫోన్ చేశానని.

టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"అదీ అబద్ధమేనా అన్నా?"

నేను తల ఊపాను.

"ఆర్.ఐ. ముందు సంతకం పెడుతున్నప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. ఆయన ఇల్లే వదిలేసుకున్నాడు, నేను ఈ కాగితమ్ముక్క వదులుకోలేకపోయాను, నేనెంత పిరికోణ్నో అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకుంటన్నాను."

చదువు పోవడం గురించి అతను నన్ను ఎప్పుడూ నిందించలేదు. ఈ మాట కూడా నిందగా అనలేదు. లోపలినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు. నేను లారీ కదిలేదాకా అక్కడే ఉన్నాను. మళ్లీ బయటికి రాలేదు. పత్రిక వల్ల పోయింది కళ్లకు కనబడే నష్టం. నా సాక్ష్యం మూలంగా ఒక మంచి కుర్రాడు ఏళ్ల తరబడి తనను తాను నీచంగా చూసుకున్నాడు. చదువు పోవడానికి పిటిషన్ పెట్టినవాడు, చట్టం, తగాదా ఇంకా ఏవేవో కారణాలు చెప్పుకోవచ్చు. దీనికి నేను తప్ప వేరే ఎవరూ లేరు.

మళ్లీ మాటలు కలవడానికి చాలా కాలం పట్టింది. పెళ్లికి పిలిచాడు, వెళ్లాను. నాన్న పోయినప్పుడు ఏలూరు వచ్చి, సమాధుల తోటలో చివరిదాకా ఉన్నాడు. ఇప్పుడు సొంతంగా చిన్న వ్యాను పెట్టుకుని చేపలు తోలుతున్నాడు. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని 2023లో మన శాసనసభ తీర్మానం చేసినప్పుడు నేను అతనికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే మంచిదేగా అన్నా" అన్నాడు. కొంచెం ఆగి, "మనకాలంలో అవుద్దా?" అని అడిగాడు. అంతకు ముందు ఏడాది ఇదే విషయం మీద కేంద్రం వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ గురించి చెప్పాను. విన్నాడు.

కొడుకును అంబేద్కర్ గురుకులంలో ఐదో తరగతికి రాయించాలని వాణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను స్కూలు మాస్టర్ని కదా, ఆన్‌లైన్ అప్లికేషన్ తప్పుల్లేకుండా నింపుతానని అతని నమ్మకం. పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు టైపు చేశాను. కులం గడి వచ్చింది. ఏం రాయాలో నాకు తెలుసనుకున్న రోజులు గుర్తున్నాయి కాబట్టి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని అతని వైపు తిరిగి అడిగాను. చెప్పాడు. చెప్పింది టైపు చేశాను. ఆదివారాలు ఎక్కడికైనా వెళ్తున్నావా అని నేను అడగలేదు. ఆ గడిలో రాసింది ఎంతవరకు నిజం, ఎంతవరకు కాదు అన్నది నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. మనిషి ప్రార్థనకూ పిల్లాడి అన్నానికీ ముడిపెట్టిన ఆ ఉత్తర్వు తప్పని మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. పంపేముందు మొత్తం పైకి చదివాను. ప్రతి వరుసకూ సరే అన్నాడు. ఒకచోట ఇంటిపేరులో అక్షరం తప్పుపోతే పిల్లాడే పట్టుకున్నాడు.

చెప్పులేసుకుంటూ, "వాడి పరీక్ష కోసం ప్రార్థన చెయ్యన్నా" అన్నాడు. "మీటింగుల్లో వద్దు. నువ్వు చెయ్యి."

పరీక్ష తేదీ అడిగి రాసుకున్నాను.